అత్తగారి బొమ్మ

కళాపరిచయం అనే ఆ సబ్జెక్టుకి కాలేజీలో కునుకు పీరియడ్ అని పేరు. బొమ్మలు నేర్చుకునేవాళ్ళకి కాదది. నర్సింగు, కామర్స్, సివిల్ ఇంజనీరింగు పిల్లలకి పట్టా చేతికి రావాలంటే రెండు క్రెడిట్లు తక్కువ పడకూడదు కాబట్టి పెట్టారు. అదీ మధ్యాహ్నం భోజనాలయ్యాక, రెండు ఫాన్లలో ఒకటే తిరిగే మూడో అంతస్తు గదిలో. పద్దెనిమిదేళ్ళుగా ఆ పాఠం చెబుతున్న మేడమ్‌ది ఒకటే పద్ధతి. గోడకి బొమ్మ తగిలించి, వేసినవాళ్ళ పేరు మీద కాగితం ముక్క అంటిస్తుంది. పావుగంటసేపు పేరు అడగకూడదు, బాగుంది బాగాలేదు అనకూడదు, కంటికి కనబడేదే చెప్పాలి. "మీకు బొమ్మలు రావు, మంచిదే. మీకొచ్చిన విద్యతోనే చూడండి" అంటుంది మొదటిరోజే.

ఆ రోజు గోడ ఎక్కిన బొమ్మ వెనక ఇరవై రెండేళ్ళ కక్ష ఉంది. దాపరికమెందుకు, చెప్పేస్తే పోలా?

పొట్లాలు కట్టే గోధుమరంగు కాగితం మీద, బొగ్గుతోనూ రంగు సుద్దలతోనూ వేసిన బొమ్మ అది. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని బల్ల మీద చెంప ఆనించి నిద్రపోయిన ఒకావిడ. ఆవిడ మేడమ్‌వాళ్ళ అమ్మ. ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి ఇద్దరాడపిల్లల్ని పెంచిన మనిషి. పంతొమ్మిదేళ్ళ వయసులో మేడమ్ అది వేసిన తొమ్మిదో రోజున అమ్మ పోయింది. బొమ్మని పెట్టెలో దాచి, అక్కకి అప్పజెప్పి, మేడమ్ ఉద్యోగం వెతుక్కుంటూ వేరే ఊరెళ్ళింది. ఆరు నెలలకి తిరిగొచ్చేసరికి పెట్టెలో బొమ్మ లేదు. పేపర్లో ఉంది, మొదటి బహుమతితో, బావ పేరుతో.

"మనింట్లోదేగా, ఎవరి పేరుంటే ఏంటి మరదలా?" అన్నాడు బావ, సిగ్గూ ఎగ్గూ లేకుండా. అక్క రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "నా కాపురం నీ చేతుల్లో ఉందే. నోరు విప్పకు తల్లీ" అంది. అక్క ముఖం చూసి మేడమ్ దిగమింగింది. ఆ ఒక్క బహుమతితో బావకి ఉద్యోగం వచ్చింది, కమిటీల్లో కుర్చీ వచ్చింది, మెడలో దండలు పడ్డాయి. తర్వాత ఆయన వేసినవన్నీ చుక్కలూ సున్నాలూ. అర్థం కాలేదంటే చిన్నతనమని ఎవరూ కిక్కురుమనలేదు. పేరు చూసి బొమ్మని మెచ్చుకునే లోకమిది, ఎవర్నని ఏం లాభం!

ఇప్పుడా మహానుభావుడు ఆ బొమ్మని కాలేజీకి కానుకగా ఇచ్చాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని ఊరికే అన్నారా? ఇక్కడ అత్తగారినే దానం చేసేశాడు. రేపు పొద్దున లైబ్రరీ గోడకి ఎక్కిస్తారు, కింద ఇత్తడి పలక మీద ఆయన పేరు. ఇంకో పదిహేనేళ్ళు ఉద్యోగం చెయ్యాలి మేడమ్. రోజూ ఆ దారినే నడవాలి. ఆయన గొప్పవాడైతే అయ్యాడు, సర్దుకుంది. అమ్మ ముఖం కింద ఆయన పేరు మాత్రం పడనివ్వదు. ఆమెకి కావలసింది అదొక్కటే, దానికి మిగిలింది ఈ ఒక్క గంటే.

అందుకే ప్రిన్సిపాల్‌ని బతిమాలింది. "గోడకెక్కించే ముందు మా పిల్లలకోసారి చూపిస్తానండీ. వారు కూడా వస్తే ఇంకా బాగుంటుంది." పొగుడుతారంటే బావ రానిదెక్కడ! అక్కని వెంటబెట్టుకుని పది నిమిషాల ముందే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన ప్రిన్సిపాల్. అద్దం మీద, కింది మూలన కాగితం ముక్క చూసి నవ్వాడు కూడా. ఆయన ఎవరో పిల్లలకి తెలియదు. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి అనుకుని ఒద్దికగా కూర్చున్నారు.

"మొదలెట్టండి" అంది మేడమ్.

ముందుగా నర్సింగు అమ్మాయి లేచింది.

"పాదాలు వాచి ఉన్నాయి మేడమ్. చెప్పుల పట్టీ కాలిలోకి దిగిపోయింది. ముఖమూ ఉబ్బింది. ఇది మామూలు నిద్ర కాదు. పడుకుంటే ఊపిరందని జబ్బేమో, అందుకే కూర్చునే నిద్రపోతోంది. వేసినవాళ్ళు ఆవిడ పాదాల మీద చాలా టైము పెట్టారు. ముఖం కంటే పాదాలే శ్రద్ధగా వేశారు."

మేడమ్ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. అప్పట్లో ఆ పాదాలు చూసింది, వేసింది, జబ్బని మాత్రం తెలియలేదు. ఆ బాధ ఇప్పుడు పడే తీరిక లేదు.

తర్వాత సివిల్ కుర్రాడు. "బల్ల అడుగు కనబడుతోంది మేడమ్. కింద మేకులు కూడా. అంటే వేసినవాళ్ళ కళ్ళు బల్ల కంటే కింద ఉన్నాయి. నేల మీద కూర్చుని వేశారు, మిషను పెడలుకి దగ్గరగా."

బావకి ఇక ఆగలేదు. ఎన్ని సభల్లో చెప్పిన కథ అది, నోట్లో నానే రకమా? గొంతు సవరించుకుని లేచాడు. "చూడు బాబూ, అది వేసింది నేను. ఒక సాయంత్రం వీధిలో నడుస్తుంటే కిటికీలోంచి ఈ పేదరాలు కనబడింది. నిలబడిన చోటే, ఒక్క ఊపున గీసేశాను. ఆవిడెవరో ఇప్పటికీ తెలియదు."

పిల్లలు చప్పట్లు కొట్టబోయారు. సివిల్ కుర్రాడు మాత్రం తల గోక్కున్నాడు. "సార్, ఏమీ అనుకోకండి. కిటికీ ఆవిడకి అవతల ఉంది. వీధిలోంచి చూస్తే ఆవిడ వీపు కనబడాలి. నిలబడి చూస్తే బల్ల పైభాగం కనబడాలి. అడుగెలా కనబడుతుంది సార్?"

"కళలో కొలబద్దలు పనికిరావయ్యా" అన్నాడు బావ. నవ్వడానికి చూశాడు గానీ కుదరలేదు.

కామర్స్ అమ్మాయి చెయ్యెత్తింది. అటెండెన్స్ కోసం తప్ప ఎప్పుడూ నోరు తెరవని పిల్ల. "సార్, మీది ఎడమచేతి వాటమా?"

"కాదు. ఏం?"

"ఇందులో నీడల గీతలన్నీ ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి దిగాయి సార్. కుడిచేత్తో గీస్తే అటు వాలవు. నాది ఎడమచెయ్యే, నా పుస్తకంలో గీతలూ ఇలాగే ఉంటాయి." ఆ పిల్ల పుస్తకం తెరిచి చూపించి, అంతలోనే నాలుక కరుచుకుంది. బోర్డు దగ్గర మేడమ్ ఎడమచేతిలో సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉంది.

గదిలో ఉన్న తలలన్నీ ఒక్కొక్కటే అటు తిరిగాయి. ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. బావ తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు. ఎంత హాయిగా ఉందో మేడమ్‌కి! ఇరవై రెండేళ్ళుగా ఎండిపోయిన గొంతులో చల్లటి నీళ్ళు పోసినట్టుంది. ఆయన చెమట చూస్తూ, ఇంకా పట్టనీ, బాగా పట్టనీ అనుకుంది.

"చెప్పండి బావగారూ" అంది. "ఆవిడెవరో మీకు నిజంగా తెలియదా?"

ఆయన భార్య వైపు చూశాడు. అక్క లేచింది.

"ఆయన్ని పీక్కుతినకే" అంది. "పెట్టెలోంచి తీసింది నేను. అట్టలో చుట్టి పోటీకి పంపింది నేను. కింద ఆయన పేరు రాసిందీ నేనే. బహుమతి వచ్చిందని ఉత్తరం అందేదాకా ఆయనకి తెలియదు. అప్పుడు ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. నీ చేతిలో విద్య ఉంది, ఇంకోటి వేసుకుంటావులే అనుకున్నా."

ఇంకోటి! ఆ ముఖం చూసి వేయడానికి అమ్మ ఎక్కడుంది?

మేడమ్ గోడ దగ్గరికెళ్ళి అద్దం మీద కాగితం పీకేసింది. కింద బావ పేరు, గుండ్రటి అక్షరాలు, చివర తోక తిప్పి రాసినవి. చిన్నప్పటినుంచీ అక్క ఉత్తరాల్లో చూసిన తోకలే. పద్దెనిమిదేళ్ళు పిల్లలకి చూడటం నేర్పిన మనిషి, మంటకొద్దీ ఆ పేరు వైపే చూడలేదు, ఇవాళా సరిగ్గా చూడకుండానే కాగితం అంటించింది. ఈ అక్క ఒళ్ళోనే కదా తల పెట్టుకుని బావని తిట్టిపోసింది! ఈ చేతులే కదా తల నిమిరి, పోనీలే తల్లీ అన్నాయి!

ప్రిన్సిపాల్ లేచి అటెండరుని పిలిచాడు. "ఆ ఇత్తడి పలక బిగించొద్దని చెప్పు. వేరేది చేయించాలి." మేడమ్ వైపు తిరిగి, మొహమాటంగా, "మీ పూర్తి పేరు ఎలా రాయాలో కాస్త రాసివ్వండమ్మా" అన్నాడు.

ఆమె ఎడమచేత్తోనే రాసిచ్చింది.

పిల్లలు చప్పుడు చెయ్యకుండా పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయారు. బావ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. అక్క మాత్రం తలుపు దగ్గర ఆగి, కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"నీ కక్ష తీరిందా?"

"తీరిందక్కా" అంది చెల్లెలు. "బావ మీదది."