చిటికెన వేలి దాకా

మా ఆవిడ మార్లిస్ మోచేతి లోపలి వైపు పెన్సిలు రబ్బరుతో తడితే, ఆవిడకి చిటికెన వేలు జిల్లుమంటుంది. ఆ సంగతి మొదట కనిపెట్టింది నేనే. థెరపీ అమ్మాయి కెండ్రా తర్వాత అది మామూలేనని తీసిపారేసింది గానీ, కనిపెట్టిన రోజు మాత్రం నా సంబరానికి అంతులేదు.

నాకీ పిచ్చి నా పనిలోంచే పట్టుకుంది. పొలాల్లో నిలిచిపోయిన నీళ్ళు లాగేసే గొట్టాలు నేల అడుగున వేస్తుంటాను. తాతల కాలంలో వేసిన మట్టి గొట్టాలు ఎటు పోయాయో ఎవరికీ తెలీదు. ఇనప చువ్వ పట్టుకుని నేలని పొడుచుకుంటూ వెతకాలి. అలాంటివాడి ఇంట్లో ఒక మనిషి చర్మం కింద నరాలు దారి తప్పాయంటే చేతులు ముడుచుకుని ఎలా కూర్చుంటాడు?

మార్లిస్ మోకాళ్ళ నొప్పులు పడలేక నోరు కట్టుకుని సగం మనిషయింది. ఒళ్ళు తగ్గింది గానీ జబ్బల కింద చర్మం తగ్గలేదు. కిటికీ తుడుస్తుంటే సంచుల్లా ఊగేది. వేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కాలే వేసుకునేది. చివరికి సోయాబీన్ కోతలయ్యాక సిటీకి వెళ్ళి, రెండు చేతులకీ ఆ వేలాడే చర్మం కోయించి కుట్టించుకుంది. చంక నుంచి మోచేతి దాకా కుట్టు.

ఊళ్ళో మాత్రం భుజానికి ఆపరేషన్ అని చెప్పాం. ఇక్కడ మా లూథరన్ చర్చి జనంలో భుజం రిపేరంటే గౌరవం, కష్టపడి సంపాదించుకున్నది. అందం కోసం కత్తి పెట్టించుకోవడమంటే కొత్త పికప్ ట్రక్కు కొని చర్చి ముందు అడ్డంగా ఆపడం లాంటిది. ఎవరూ ఏమీ అనరు, అందరూ చూస్తారు.

మా అమ్మాయి క్రిస్టాకి కూడా భుజమనే చెప్పాం. దానికి అసలు సంగతి తెలియకూడదని మార్లిస్ పట్టుబట్టింది. హైస్కూల్లో ఉండగా క్రిస్టా జుట్టుకి ఎర్రరంగు వేసుకొస్తే, ‘దేవుడిచ్చిన జుట్టు నీకు చాలలేదా’ అని వారం పాటు దెప్పిపొడిచిన తల్లి ఈవిడే మరి. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

కుట్లు చక్కగా మానాయి. వింతలన్నీ ఆ తర్వాతే మొదలయ్యాయి. మోచేతి కింద అరచెయ్యంత మేర ఏమీ తెలీదు, పట్టకారుతో గిల్లినా నవ్వుతూనే ఉంటుంది. దాని అంచు దాటితే మాత్రం చొక్కా చెయ్యి తగిలినా దురదగొండి ఆకు రాసినట్టు మంట. గట్టిగా పట్టుకుంటే నొప్పి లేదు, మెల్లగా తాకితే ప్రాణం పోతుంది. ఫ్రిజ్ తలుపు తీస్తే వచ్చే చలిగాలి వేడిగా తగులుతుందట. నాకు ఆవిడ మీద జాలి వేసింది నిజమే, కానీ అంతకన్నా ఎక్కువగా వింత అనిపించింది. ఆ మాట దాచడం నావల్ల కాలేదు.

"ఇంకొక్కసారి తట్టనీ. ఇప్పుడు ఏ వేలు?"

"వెర్లిన్, నేను నీ పొలాన్ని కాదు."

"ఉంగరం వేలా?"

"చిటికెన వేలే. అవతలికి పో, బంగాళాదుంపలు మాడుతున్నాయి."

నరం తెగిపోయిందని, ఈ మంటంతా అది చచ్చిపోతూ పెడుతున్న కేకలని నేను తేల్చేశాను. కెండ్రా విని తల అడ్డంగా ఊపింది.

"చచ్చిపోయే నరం నోరెత్తదండీ. మార్లిస్ గారి నరం మళ్ళీ మొలుస్తోంది. దారి గుర్తులేక ఎక్కడ పడితే అక్కడ తలుపు కొడుతోంది. మీరు రోజూ మెత్తటి గుడ్డతో రుద్దండి. అది అలవాటయ్యాక కొంచెం గరుకుది. ఇది నొప్పి కాదు, ఉత్త గుడ్డేనని ఆ చేతికి నేర్పాలి."

అలా మా వంటింటి బల్ల బట్టల కొట్టయింది. ముందు నా పాత ఫ్లానెల్ చొక్కా ముక్క, తర్వాత తువ్వాలు, తర్వాత గరుకు చారల కార్డురాయ్ గుడ్డ. ప్రతి గుడ్డా ముందు నా చేతి మీద రుద్దుకుని చూసేవాణ్ణి. నాకు ఒకేలా ఉన్న రెండు గుడ్డలు ఆవిడకి పగలూ రాత్రీ అంత తేడా. ఒకే దూదితో రెండు చోట్ల తాకితే, ఒకటి దూది, ఒకటి సూది. పక్కపక్కనే. అది చూసినప్పుడల్లా నేను నోరు తెరుచుకుని కూర్చునేవాణ్ణి.

ఈలోగా మనవరాలు పుట్టింది. సిగ్రిడ్. క్రిస్టా తను కాపురముంటున్న డులూత్ నుంచి పిల్లని తీసుకొచ్చిన మొదటి రోజే, కోటు విప్పకుండానే తెచ్చి అమ్మ చేతుల్లో పెట్టింది. పసిపిల్ల తల ఆనేది ఎక్కడా? సరిగ్గా మోచేతి మడతలో. మార్లిస్ నిప్పు తగిలినట్టు ఉలిక్కిపడి పిల్లని వెనక్కి ఇచ్చేసింది.

"భుజమా అమ్మా?"

"పర్వాలేదు. కాఫీ తాగుతావా?"

ఆ రెండు రోజుల్లో ఇంకోసారి ఎత్తుకుంది. అప్పుడూ అంతే, వెంటనే ఇచ్చేసింది. నొప్పని చెప్పదు. చెబితే ఎక్కడ అని కూతురు అడుగుతుంది, అడిగితే చొక్కా చెయ్యి పైకి లాగాలి. మూడోరోజు క్రిస్టా పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది. మంచు కరిగాక ఫోన్ చేసి నాతో మాత్రం అంది:

"నాన్నా, బాప్తిస్మం రోజు పాపని మా అత్తగారు ఎత్తుకుంటారులే. అమ్మకి పిల్లని ముట్టుకోవడమే ఇష్టం లేనట్టుంది. బలవంతం చేయను. ఇకమీదట కూడా చేయను."

పక్కనుంచి మార్లిస్ విననే వింది. మా ఇంట్లో పిల్లని బాప్తిస్మపు తొట్టి దగ్గరికి ఎత్తుకెళ్ళేది అమ్మమ్మే. మార్లిస్‌ని వాళ్ళ అమ్మమ్మ ఎత్తుకుంది, క్రిస్టాని మా అత్తగారు ఎత్తుకుంది. ఆవిడ ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది.

"ఇంకెవరూ ఎత్తుకోరు. నేనే ఎత్తుకుంటాను."

"సరే అమ్మా. ఒకవేళ మధ్యలో ఇచ్చేయాలనిపిస్తే..."

"ఇవ్వను."

ఫోన్ పెట్టేసి, బల్ల మీంచి అన్నిటికన్నా గరుకు గుడ్డ తీసింది. కళ్ళనీళ్ళు కారుతున్నా రుద్దుకుంటూనే ఉంది. ఆ రోజు నేను పెన్సిలు ముట్టుకోలేదు.

బాప్తిస్మం నాటికి మెత్తటి దుప్పట్లో చుట్టిన పిండి సంచిని ఓవెన్లో రొట్టె కాలేంతసేపు ఎడమ చేతి మీద మోయగలిగింది. నరం జిల్లు కూడా మోచేతి నుంచి కిందికి జరిగింది, మణికట్టు దగ్గర తడితేనే చిటికెన వేలు పలుకుతోంది, అంటే మొలక అంతదాకా వచ్చిందన్నమాట. నాకు ఇంక భయం లేదనిపించింది.

చర్చి కింది గదిలో కాఫీ కాగుతోంది. మార్లిస్ వాళ్ళ పిన్ని ఆర్డిస్ వంశపారంపర్యపు గౌను తెచ్చింది. నాలుగు తరాల పిల్లలు వేసుకున్న తెల్లగౌను, అడుగునా చేతులకీ దారంతో అల్లిన లేసు. ఆర్డిస్ దాన్ని బల్ల మీద పెడితే పడకుండా నిలబడింది.

"నీ భుజం బాగోలేదని విన్నాగా మార్లిస్. పిల్ల జారిపోకుండా పట్టుకి ఉంటుందని గంజి రెండుసార్లు దట్టించాను."

నేను వేలితో లేసు తాకి చూశాను. గోడకి కొట్టే సున్నం కుంచెలా ఉంది. వంటింటి బల్ల మీద మేం నేర్చుకున్న గుడ్డలన్నీ దీని ముందు దూదే. పాపం ఆర్డిస్ తప్పేం లేదు, మేం చెప్పిన అబద్ధానికే ఆవిడ గంజి పెట్టింది.

క్రిస్టా పిల్లకి గౌను తొడిగి తెచ్చింది. మార్లిస్ చూపు ఆ లేసు మీదే ఉంది. తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది.

"అమ్మా, మళ్ళీనా?" అంది క్రిస్టా. గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది. తన అత్తగారి కోసం చుట్టూ చూస్తోంది.

మార్లిస్ చొక్కా చేతి గుండీ విప్పింది. చెయ్యి పైకి మడిచింది, మోచేతి దాకా, ఇంకా పైకి. కాఫీ పోస్తున్న ఆడవాళ్ళు పోయడం ఆపారు. గులాబీరంగు కుట్టు చంకలోకి పోతూ కనిపించింది.

"భుజం కాదే. వేలాడే చర్మం కోయించుకున్నాను. బాగా కనబడాలని. నరాలు ఇంకా కుదురుకోలేదు. తాకితే మంట. పిల్ల అంటే ఇష్టం లేక కాదు."

క్రిస్టా కుట్టు వంక చూసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ జుట్టుకి నేనన్న మాటలు నువ్వు మర్చిపోయి ఉండవు కదా."

"ఏం జుట్టు?" అంది క్రిస్టా. నిజంగానే గుర్తులేదు దానికి. పిల్లని నాకిచ్చి దగ్గరికి వచ్చింది. "ముట్టుకోవచ్చా? ఇక్కడ?"

"అక్కడ ఏమీ తెలీదు."

క్రిస్టా వేలు మణికట్టు మీదికి జరిగింది.

"ఇక్కడ?"

"చిటికెన వేలు."

"నిజంగానా? ఇక్కడ తాకితే అక్కడా?" అచ్చం నాలాగే అడిగింది. నా కూతురని ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. "ఇక్కడ?"

మార్లిస్ ఊపిరి బిగబట్టింది. క్రిస్టా చెయ్యి తీసేసింది.

పైన పియానో మొదలైంది. ఆర్డిస్ తన మెత్తటి స్వెటర్ విప్పి మార్లిస్ చేతి మీద పరిచింది, దాని మీద పిల్లని పెట్టాం. చొక్కా చెయ్యి కిందికి దించుకోమని నేను సైగ చేశాను. దించలేదు. మడిచిన చొక్కా చేత్తోనే మెట్లెక్కి, ఊరంతా చూస్తుండగా, ముందుకి నడిచింది.

తొట్టి దగ్గర పాస్టరు గారు మొదటి చారెడు నీళ్ళు పోయగానే సిగ్రిడ్ ఒళ్ళంతా విరుచుకుని తన్నింది. స్వెటర్ జారి నేల మీద పడింది. గంజి లేసు ఆ చేతి మీద గీసుకుపోయింది. మార్లిస్ పెదవులు తెల్లబడటం ముందు వరసలోంచి నాకు కనిపించింది. క్రిస్టా రెండు చేతులూ చాచింది.

"ఇటివ్వమ్మా. నొప్పిగా ఉంది కదా."

"ఉంది," అంది మార్లిస్, వెనక బెంచీల దాకా వినబడేలా. "చాలా నొప్పిగా ఉంది. ఇవ్వను."