తిప్ప స్టేషన్ పలికింది

"నా నెట్‌వర్కులోకి దొంగ కాదు కదా, దెయ్యం కూడా దూరలేదు!" అని బందరు వైర్‌లెస్ గదిలో మీరా సాహెబ్ గారు బల్ల గుద్దారు. ఆ దెబ్బకి టీ గ్లాసు గాల్లోకి లేచి, ఊరంతా చూసొచ్చి, మళ్ళీ తన చోట కూర్చుంది.

గిలకలదిండి రేవు ఆపరేటరు రాజబాబు ఆ మాట సెట్టులో విన్నాడు. విని ఊరుకోవడం వాడి ఒంట్లో లేదు.

ఉప్పెన వెళ్ళి ఏడాది కావస్తోంది. పాడైన స్టేషన్లన్నీ దివిసీమ నుంచి గుడివాడ దాకా మళ్ళీ నిలబెట్టారు. ఏ ఊరి వాన లెక్క, పోటు లెక్క ఆ ఊరి ఆపరేటరే కట్టి చెబితే, బందరు వాటిని కలిపి నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో తేలుస్తుంది. చెప్పేముందు ఒక్కో స్టేషనూ తన రహస్యపు మాట చెప్పాలి. అది చెప్పకపోతే కలెక్టరు గారినైనా మీరా సాహెబ్ గారు "ఎవరు బాబూ మీరు?" అంటారు.

మళ్ళీ లేవనిది తిప్ప ఒక్కటే. సముద్రం అంచున ఉన్న ఆ స్టేషన్నీ, అందులో కూర్చుని చివరిదాకా లెక్క చెబుతున్న నతానియేలునీ ఉప్పెన పట్టుకుపోయింది. మనిషి దొరకలేదు. తిప్ప రహస్యపు మాట మాత్రం రాజబాబుకి తెలుసు. చెప్పకూడదంటూనే నతానియేలు స్నేహం కొద్దీ ఓసారి చెవిలో చెప్పాడు.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. రాజబాబు రుమాలు తడిపి మైకు మీద కప్పాడు.

"బందరు... తిప్ప మాట్లాడుతోంది. ఎండురొయ్యలు. ఓవర్."

రహస్యపు మాట సరిపోయింది. సెట్టులో గుయ్యిమనే మోతలోంచి తన గొంతే, నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు, తిరిగి వినబడింది. అచ్చం నతానియేలు గొంతు. రాజబాబు వెనక్కి తిరిగి చూశాడు. తలుపు గడియ వేసే ఉంది.

"ఎవరూ?" అన్నారు మీరా సాహెబ్ గారు.

వెంటనే గుడివాడ పలికింది. అక్కడ ఆపరేటరు దయామణి, నతానియేలు చెల్లెలు.

"అన్నయ్యా! ఎక్కడున్నావ్? ఇదిగో, అమ్మ పక్కనే ఉంది. నీ గొంతు విని లేచింది. తిప్పకే వెళ్తానని చెప్పులేసుకుంటోంది. ఆపితే ఆగట్లేదు! రేపు గాలివాన అంటున్నారు అన్నయ్యా, పడవ మీద ఎలా వస్తుంది? నువ్వే చెప్పు!"

రాజబాబు జవాబు చెప్పబోయి మాట్లాడే మీట నొక్కాడు. అప్పుడే బయట రేవులో ఐసు దంచే మిషను ధనధనమని మైకులోకి మోగింది. వాడు గభాల్న మీట వదిలేశాడు.

మీరా సాహెబ్ గారు నెమ్మదిగా అడిగారు.

"ఒరే రాజబాబూ, దెయ్యాలకి ఐసెందుకురా?"

రాజబాబు చెయ్యి మైకు మీది రుమాలు దగ్గరికి పోయింది.

"నాదీ తప్పే. జాబితాలోంచి తిప్ప పేరు, ఆ మాట కొట్టెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. మనిషి దొరకలేదు కదా అని ఉంచేశాను. ఆ సందులోంచే దూరావు. ఇప్పుడు నువ్వే చెప్పు. ఆవిడ బస్సెక్కేలోపు చెప్పు."

"దయామణక్కా..." రాజబాబు రుమాలు తీసేశాడు. "అమ్మని సెట్టు దగ్గరికి పిలవండి."

చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. తర్వాత నతానియేలు తల్లి ఆనందమ్మ గొంతు.

"నానా, అన్నం తిన్నావా?"

రాజబాబు మీట నొక్కాడు, వదిలేశాడు, మళ్ళీ నొక్కాడు.

"అమ్మా, నేను నతానియేలుని కాదు. గిలకలదిండి రాజబాబుని. సాహెబ్ గారిని భయపెడదామని మీ అబ్బాయి మాట దొంగిలించాను. తిప్పలో ఎవరూ లేరమ్మా. వెళ్ళకండి."

మీట వదిలితేనే గుడివాడ మాట వినబడుతుంది. మీట మీద నుంచి వేలు తీయాలని కూడా వాడికి గుర్తు లేదు.