పన్నెండు పెట్టెలకు ఒకటే కీ

మంచుసరస్సు గట్టున పెట్టెలు పదకొండే కనిపించేసరికి బెర్మెట్ మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది. నీరు పెరిగినా గట్టు కదిలినా కింద ఊరి సైరన్‌కి వైర్‌లెస్‌లో కబురు పంపే పెట్టెలవి. నిరుడు మంచు ముంచుకొస్తోందన్న హడావిడిలో పన్నెండింటికీ తనే పాస్‌వర్డ్ లాంటి ఒకే రహస్య కీ పెట్టింది. ఆ కీతో ఏ కబురొచ్చినా సైరన్ నమ్మేస్తుంది. పోయిన పెట్టెను విప్పి కీ లాగినవాడు ఊరికి ఎంత అబద్ధమైనా చెప్పొచ్చు. పైగా, ఇంకో పొరపాటు జరిగితే ఉద్యోగం ఊడుతుందని రాజధాని బిష్కెక్‌లోని ఆఫీసువాళ్లు ముందే హెచ్చరించి ఉన్నారు.

పెట్టెలకు కాపలా ఉండే జుమాదిల్ తాత తాపీగా పులిసిన గుర్రపుపాల కుమీస్ పోసిచ్చి సంగతి చెప్పాడు. స్టాండు కాలు విరిగి పడిపోయిన పెట్టెను తెచ్చి గుడారంలో భద్రంగా పెట్టాడట. కనుమ అవతలినుంచి వచ్చిన అతిథి దాన్ని తిప్పితిప్పి చూసి, భలే ముద్దుగా ఉందన్నాడట. అతిథి మెచ్చిన వస్తువు ఇవ్వకుండా పంపితే పరువేం కాను? ఇచ్చేశాడట.

"మీ గుర్రాన్ని మెచ్చుకున్నా బాగుండేది," అంది బెర్మెట్ ఒళ్లు మండి.

"మెచ్చుకుంటాడనే దాన్ని గుట్ట వెనకాల కట్టేశా. అయినా ఒకటి పోతే మిగతా వాటికేమైంది పిల్లా?"

అన్నిటికీ ఒకే కీ పెట్టిన సంగతి చెప్పక తప్పలేదు. తాత గడ్డం నిమురుకుని, తన ముసలిది మూడు ట్రంకుపెట్టెలకి మూడు తాళాలు వేస్తుందనీ, ఆవిడ చదువు రెండో తరగతేననీ అన్నాడు.

రెండు రోజులు ఇద్దరూ గుర్రాల మీద గట్టంతా తిరిగారు. బెర్మెట్ ఒక్కో పెట్టెకి ఒక్కో కొత్త కీ పెట్టింది. పోయిన పెట్టె మాట ఇక వినొద్దని సైరన్‌కీ చెప్పింది. ప్రతి పెట్టె దగ్గరా తాత, ఇది వేరేదేనా, మళ్లీ పాతదే పెట్టేశావా అని అడిగి ఆమెను ఉడికించాడు.

పని ముగిశాక ఆఫీసుకి నివేదిక రాయడానికి కూర్చుంది. తప్పు ఎవరిదన్న చోట, కాపలాదారు పెట్టెను బయటివాళ్లకిచ్చాడు అని రాసింది. ఏం రాశావని తాత అడిగితే చదివి వినిపించింది. ఆ ఒక్క వాక్యంతో ఆయన కాపలా పని పోతుందని ఇద్దరికీ తెలుసు.

"నిజమేగా, ఉండనీ," అన్నాడాయన. "ఆ అతిథి పేరు మాత్రం రాయకు. పాపం, ఆయన అడగనైనా లేదు."

బెర్మెట్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. రాసింది చెరిపేసి, అన్నిటికీ ఒకే కీ పెట్టింది నేనే అని రాసి, మనసు మారకముందే పంపేసింది.

"నిన్ను తీసేస్తారే పిల్లా," అన్నాడు తాత. ఆయన గొంతులో వెటకారం లేదు.

"తీసేస్తే మీ గొర్రెలు కాస్తాలే తాతా."

తాత ఆమెను ఎగాదిగా చూశాడు.

"నువ్వా? అన్నిటికీ ఒకటే పేరు పెడతావు."