లేస్తున్న కొలను

పెరట్లో సమ్మెట దెబ్బలు వినబడేసరికి నాడీన్ కొవాలిక్ కాఫీ కప్పు గట్టు మీద పెట్టి కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

బయట వాన ధారగా కురుస్తోంది. ఖాళీ చేసిన ఈతకొలనులో, లోతు వైపు అడుగున, పిక్కల దాకా చేరిన వాననీళ్లలో పక్కింటి గస్ టెడెస్కో నిలబడి ఉన్నాడు. రెండు చేతులా సమ్మెట ఎత్తి ఆమె కొలను నేలను బద్దలు కొడుతున్నాడు.

నాడీన్ పోలీసులకు ఫోన్ చేసింది.

"మా పక్కింటాయన గోడ దూకి వచ్చి నా పూల్ పగలగొడుతున్నాడు. అవును, సమ్మెటతోనే. లేదు, తాగి లేడు. తాగి ఉంటే ఇంత గురిగా కొట్టడు."

ఫోన్ జేబులో వేసుకుని, బూట్లు తొడుక్కుని, గోడకి వేలాడుతున్న పొడవాటి కొక్కెం కర్ర అందుకుని బయటికి దూకింది.

ఆ కొలను ఆమెకి జీవనాధారం. బడిలో వ్యాయామం టీచరు ఉద్యోగం పోయాక, ప్రతి వేసవిలో పిల్లలకి ఈత నేర్పే ఆ నాలుగు నెలలే ఆమెకి ఇల్లు నిలబెట్టాయి. పిట్స్‌బర్గ్ శివార్లలోని ఆ కొండవాలు మీద నీళ్లంటే భయం లేని పిల్ల ఎవరైనా ఉందంటే, అది నాడీన్ చేతిలో పడి తేలిన పిల్లే. కిందటి చలికాలం కొలనులోని నీళ్లు గడ్డకట్టి, అంచు చుట్టూ ఉన్న నీలం పెంకుల్ని చిట్లించి, ప్లాస్టర్‌ని బీటలు వార్చాయి. వసంతమంతా మరమ్మతులకే సరిపోయింది. జూన్ క్లాసులు మొత్తం పోయాయి. మళ్లీ ఇంకో వేసవి పోతే ఇల్లు అమ్ముకోవలసిందే.

అందుకే ఈసారి ఆమె ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. నీళ్లుంటేనే కదా గడ్డకట్టేది? నవంబరులో పంపు అద్దెకు తెచ్చి చుక్క లేకుండా తోడించేసింది.

పంపు నడుస్తుండగా గస్ గోడ మీంచి తల పెట్టి అరిచాడు.

"ఏం టీచరమ్మా, మొత్తం తోడేస్తున్నావా? కాస్త తగ్గించి ఆపు! ఖాళీ తొట్టి భూమిలో ఉండదు!"

"నువ్వు వద్దన్నావంటే కచ్చితంగా చెయ్యాల్సిన పనే!" అని ఆమె పంపు జోరు పెంచింది.

అలా అనడానికి ఆమెకి కారణం లేకపోలేదు. అంతకు ముందు చలికాలం, ఇంటి ముందు మంచుకి పొయ్యి బూడిద చల్లమని సలహా ఇచ్చింది ఇతనే. వారం రోజులు ఆ బూడిద బురద ఆమె తివాచీల మీద నడిచింది. అతను తన వరండాలో కూర్చుని నవ్వాడు. ఇక రాతిగోడ గొడవ సరేసరి. నాడీన్ పెరటి మట్టిని ఆపుతూ, గస్ గ్యారేజీ నెత్తిన నిలబడిన ఆ గోడ ఎవరిదో ఐదేళ్లుగా తేలలేదు. "ఈ గోడ నాది కాదు" అని పెయింటుతో రాసిన పలక ఒకటి వీధిలోకి కనబడేలా తగిలించాడు గస్. మర్నాడు నాడీన్ దాని కింద "నాదీ కాదు" అని రాసింది.

"ఏయ్ టెడెస్కో! బయటికి రా! పోలీసులొస్తున్నారు!" కొలను అంచున నిలబడి ఇప్పుడామె అరిచింది.

"మంచిది. వాళ్లకైనా బుద్ధుంటుందేమో!" గస్ తల ఎత్తకుండానే మళ్లీ కొట్టాడు. తెల్లటి పెచ్చు ఒకటి ఎగిరి నీళ్లలో పడింది.

నాడీన్ కొక్కెం కర్ర చాచి అతని కోటు కాలరు పట్టి లాగింది. గస్ తూలిపడబోయి నిలదొక్కుకున్నాడు.

"నన్ను చేపలా పట్టాలని చూస్తున్నావా? ముందు నీ కాళ్ల దగ్గర చూడు!"

"నేను కిందకి చూస్తే నువ్వు పారిపోదామని."

"ఎక్కడికి పారిపోతాను? పక్కిల్లేగా! చూడు!"

ఆమె చూసింది.

కొలను అంచు రాళ్లకీ, చుట్టూ ఉన్న సిమెంటు నేలకీ మధ్య సన్నటి అతుకు ఉండాలి. వాన మొదలవక ముందు ఊడ్చినప్పుడు అందులో ఆకు కూడా దూరలేదు. ఇవాళ ఆమె బూటు మొన దూరింది. అంతే కాదు. అంచు రాళ్లు నేల కంటే ఎత్తుగా ఉన్నాయి. ఆమె చూస్తుండగానే, నిద్రపోతున్న జంతువు ఊపిరి పీల్చినట్టు, ఇంకాస్త లేచాయి.

పంపు గది వైపు నుంచి పైపు ఏదో కిర్రుమంది. రాతిగోడలోంచి ఒక రాయి ఊడి, గస్ గ్యారేజీ రేకుల మీద ధడేల్మని పడింది.

"అదిగో! విన్నావా? మంచు కరిగింది, దాని మీద రెండు రోజులుగా ఈ దిక్కుమాలిన వాన. కొండ నీళ్లన్నీ నీ తొట్టి కిందికి చేరాయి. లోపల బరువు లేదు. పడవలా పైకి తోస్తున్నాయి!" గస్ రొప్పుతూ అన్నాడు.

"కాంక్రీటు పడవా?"

"నవ్వు, నవ్వు. తూము అడుగున ఒక బిరడా ఉంటుంది. అది తీస్తే కింది నీళ్లే లోపలికొచ్చి, బరువెక్కి, ఇది ఉన్నచోట కూర్చుంటుంది."

"బిరడా తియ్యడానికి సమ్మెట దేనికి?"

"నువ్వు మరమ్మతుకి తెచ్చిన మహానుభావుడు బిరడా మీద కూడా ప్లాస్టర్ పూసి చచ్చాడు గనక!"

నాడీన్ కర్ర దించలేదు. ఇతని మాట విని తివాచీలు పోగొట్టుకుంది. ఈసారి పోయేది కొలను. నేల మొత్తం పగలగొట్టించి, నవ్వుకుంటూ పోతే? ఆమె ఇల్లు అమ్మకానికి పెడితే పొరుగు పీడ వదులుతుందని అతను వీధిలో అందరితోనూ అన్నవాడే.

"నా పూల్ మీద నీకెందుకంత ప్రేమ?"

"ప్రేమా? నీ పూల్ గంగలో కలిసినా నాకేం, టీచరమ్మా! ఇది లేచిందంటే ఆ గోడని తోస్తుంది. గోడ నా గ్యారేజీ మీద పడుతుంది. లోపల నా ట్రక్కు ఉంది! నువ్వు ఇవాళ సాయంత్రం దేశాంతరం పోతే నేను బీరు పంచుతాను. కానీ ముందు ఆ బిరడా తియ్యాలి!"

అతను జాలిగా ఒక్క మాట అని ఉన్నా ఆమె నమ్మేది కాదు. ట్రక్కు అన్నాడు గనక నమ్మింది.

కర్ర పారేసి, లోతు తక్కువ వైపు మెట్ల మీంచి దిగింది. వాలు మీద కాలు జారి సగం దూరం కూర్చునే వెళ్లింది.

"బాగుంది, ఈత టీచరు," అన్నాడు గస్.

"నోరు మూసుకుని ఎక్కడ కొట్టాలో చెప్పు."

అతను సమ్మెట ఎత్తబోయి సగంలో దించేశాడు. కుడి భుజం పట్టుకుని పళ్లు బిగించాడు. వేసవిలో ఆ భుజానికే ఆపరేషన్ అయింది. నాడీన్ సమ్మెట లాక్కుంది.

తూము మూత అప్పటికే ఊడదీసి ఉంది. దాని గుంతలో, నీళ్ల కింద, తెల్లటి బుడిపె ఒకటి మసకగా కనబడింది. జూన్ చివర్లో నునుపు చేయించుకున్న ప్లాస్టర్. చెప్పులతో ఎవర్నీ నడవనివ్వని నేల. కాళ్ల కింద అది అదురుతోంది, బస్సు ఇంజను ఆడుతున్నప్పుడు అడుగున అదిరినట్టు.

కొట్టింది. బురద నీళ్లు మొహాన చిమ్మాయి.

"ఎడమకి! దోమని చంపుతున్నావా? గట్టిగా!"

"నీ మొహం అనుకుని కొడుతున్నా, ఇంతకంటే గట్టిగా ఎవరూ కొట్టలేరు!"

మళ్లీ కొట్టింది. మళ్లీ. పెచ్చు విరిగింది. మరో దెబ్బకి ఏదో లోపలికి దిగబడింది. మరుక్షణం గోధుమరంగు నీళ్లు స్తంభంలా పైకి లేచి ఆమెని వెనక్కి విసిరికొట్టాయి. గస్ ఆమె జాకెట్ పట్టుకుని లాగాడు. ఇద్దరూ పాక్కుంటూ, తిట్టుకుంటూ వాలెక్కి మెట్ల దగ్గర పడ్డారు.

నీళ్లు మోకాలెత్తు, నడుమెత్తు పెరిగాయి. నేల అదురు తగ్గింది. కాసేపటికి కింద ఎక్కడో బరువైన తలుపు మూసుకున్నట్టు ఒక చప్పుడు. అంచు రాళ్లు దిగాయి. ఒక మూల మాత్రం వేలెడు ఎత్తున ఉండిపోయింది. రాతిగోడ నిలబడే ఉంది.

పక్క వాకిట్లోంచి పోలీసు అధికారిణి వచ్చింది. పేరు ప్రూయిట్. వానకోటు టోపీ కిందనుంచి ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. నిలువెల్లా బురద. సమ్మెట నాడీన్ చేతిలో ఉంది.

"పూల్ పగలగొడుతున్నారని ఫోన్ చేసింది మీరేనా అమ్మా?"

"నేనే."

"పగలగొట్టింది ఎవరు?"

"నేనే," అంది నాడీన్.

ప్రూయిట్ గస్ వైపు చెయ్యి చూపింది. "ఈయన మీ అనుమతితోనే లోపలికి వచ్చారా?"

"లేదు. గోడ దూకాడు. కానీ ఇప్పుడే తీసుకెళ్లకండి, ఇంకా పని ఉంది. అయ్యాక మీ ఇష్టం."

"విన్నారా? కృతజ్ఞత అంటే ఇదీ!" అన్నాడు గస్.

ఇద్దరిలో ఎవరినైనా అరెస్టు చెయ్యాలంటే ఆ బురదంతా కారెక్కుతుందని కాబోలు, ప్రూయిట్ మందలించి వెళ్లిపోయింది.

రాత్రికి గడ్డకట్టే చలి వస్తుందని రేడియో పొద్దుటి నుంచీ చెబుతోంది. ఊట అడుగు భాగం మాత్రమే నింపి ఆగిపోయింది. నాడీన్ తన నీళ్ల గొట్టం కొలనులో పెట్టింది. గోడ మీంచి రెండో గొట్టం పాములా వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడింది.

"నీలం పెంకుల కిందిదాకా నింపి ఆపు! నీళ్లు పెంకుల్ని తాకకూడదు! తర్వాత పైపుల్లోకి గాలి ఊది, ఉన్న నీళ్లన్నీ తరిమేసి, నోళ్లకి బిరడాలు పెట్టు! పైపు విరిగి ఉంటే గాలి బుస్సుమని తెలుస్తుంది!" గోడ అవతలి నుంచి గస్ గొంతు.

"షాపువాణ్ణి అడిగి చూస్తా!" అని నాడీన్ ఇంట్లోకి వెళ్లి, బురద చేతులతోనే పూల్ సామాన్ల షాపుకి ఫోన్ చేసి, అతను చెప్పినదంతా ఒక్కొక్కటిగా అడిగింది.

"అంతా కరెక్టేనమ్మా," అన్నాడు షాపువాడు. "ఎవరో బాగా తెలిసినవాళ్లే చెప్పినట్టున్నారు."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఒళ్లు మండిపోయింది. కొలను నిలిచింది, జూన్ క్లాసులు నిలిచాయి, ఇల్లు నిలిచింది. వాటన్నిటికీ వెల, గస్ నిజం చెప్పాడని ఒప్పుకోవడం. పైపులు ఊదే యంత్రం మోసుకుని మళ్లీ వానలోకి నడిచింది.

"ఏమన్నాడు షాపువాడు?" గోడ అవతలి నుంచి వినబడింది.

"నువ్వు వెధవవన్నాడు!" అని అరిచి, అతను చెప్పినట్టే మొదటి పైపు నోట్లో గొట్టం బిగించింది.