బురుల్ కొరికిన రొట్టె

పద్దెనిమిదేళ్ళు నా కూతే నా కూడు. మా ఊరి బస్టాండులో ఓష్ పట్నం వెళ్ళే వ్యాన్ల పక్కన నిలబడి, "ఓష్, ఓష్, ఇద్దరే తక్కువ, ఎక్కితే కదలడమే" అని అరిచేవాణ్ణి. ఆ మాట అనే సమయానికి బండిలో ఉండేది డ్రైవరొక్కడే. దాన్ని అబద్ధమనకూడదు, ఆశాభావం అనాలి. అరుపుతోపాటు చమత్కారం ఉచితం. కోడిపుంజుని చంకలో పెట్టుకుని ఎక్కే ముసలాయనతో, "మొత్తానికి పుంజుకున్నావు తాతా" అనేవాణ్ణి. ఆయన తిట్టేవాడు, బండి నవ్వేది, ఆ నవ్వు విని పక్క బండిలో కూర్చున్నవాళ్ళు దిగి ఇందులోకి వచ్చేవాళ్ళు.

మొన్న చలికాలంలో నాకు గొంతు పట్టేసి వారం రోజులు మంచం దిగలేదు. కోలుకుని వెళ్ళేసరికి స్టాండు పెద్ద కెనెష్ ఎంతో ప్రేమగా భుజం మీద చెయ్యేశాడు.

"ఒరేయ్ ఎర్మెక్, ఓ గంటసేపు నా ఫోనులో అరిచిపెట్టరా. మళ్ళీ నీకు ఒంట్లో బాగోకపోతే అది వేసుకుంటాం."

కెనెష్ నా చిన్ననాటి స్నేహితుడు. నా భార్య రష్యా వెళ్ళిపోయి నేను ఇంట్లో గోడలతో మాట్లాడుతున్న రోజుల్లో, చెయ్యి పట్టుకుని మామత్ అనే సంఘకాపరి ఇంట్లో జరిగే ఆరాధనకి తీసుకెళ్ళినవాడు. నాకు యేసుని పరిచయం చేసిన మనిషి. అలాంటివాడు అడిగితే కాదంటానా? ఓష్, జలాలాబాద్, అన్ని ఊళ్ళూ అరిచాను. పుంజు చమత్కారం కూడా వదలకుండా పెట్టాను.

మార్చి నెలలో స్తంభాల మీద రెండు లౌడ్‌స్పీకర్లు వెలిశాయి. "పైవాళ్ళ నిర్ణయంరా, నేనేం చెయ్యను" అన్నాడు కెనెష్, కింద చూస్తూ. అంతే. నా గొంతుకి ఉద్యోగం ఉంది, నాకే లేదు. మా ఇల్లు బస్టాండుకి దగ్గర. తెల్లారగానే కిటికీలోంచి నేనే నన్ను పిలుస్తాను, ఇద్దరే తక్కువ, ఎక్కితే కదలడమే అని. ఎవరి చేతిలోనైనా మోసపోవచ్చు గాని, సొంత నోటితో మోసపోయినవాణ్ణి మా జిల్లాలో నేనొక్కణ్ణే అనుకుంటాను. నమ్మకం అనే మాటలో అమ్మకం ఉందని అప్పుడే చూశాను.

అయినా గుమ్మం పైన మేకుకి ఒక గుడ్డసంచి వేలాడుతోంది కదా అని ధైర్యం చెప్పుకున్నాను. అందులో ఉన్నది బురుల్ కొరికిన రొట్టె. బురుల్ నా భార్య. మూడేళ్ళ కిందట హోటలు వంటపనికి రష్యా బయల్దేరిన పొద్దున, వాళ్ళమ్మ సాలిమా తందూరులోంచి తీసిన వేడి రొట్టెని దాని నోటి దగ్గర పట్టుకుంది. బురుల్ ఒక్కసారి కొరికింది. మిగతాది తిరిగొచ్చి తినాలి. అందాకా దాన్ని ఇంకెవరూ ముట్టకూడదు. రొట్టె ఉన్నంతకాలం మనిషికి దారి తెలుస్తుంది. నా వెనకే అత్త కూడా సంఘంలో చేరింది. ప్రార్థనలు మారినా ఈ నమ్మకం మాత్రం మా అత్తనీ నన్నూ వదల్లేదు. మొదటి ఏడు వారానికోసారి ఫోను, రెండో ఏడు నెలకోసారి, మూడో ఏడు పండక్కి.

గురువారం పొద్దున అత్త టీ పోసి, తన గిన్నెను ముట్టుకోకుండా కూర్చుంది.

"అల్లుడూ, ఏరు వెనక్కి పారుతుందంటావా?"

"మన ఊళ్ళో ముందుకి పారడమే కష్టం గదా అత్తా. అసలు సంగతి చెప్పు."

"గూట్లోంచి ఎగిరిన పిట్ట ఇంకో కొమ్మ చూసుకుంటే..."

"పిట్ట ఫోన్ చేసిందా?"

అత్త తలూపింది. "నిన్న చేసింది. అక్కడెవరో ఉన్నాడట. ఏడాదిన్నర అయిందట. నీకు తన నోటితో చెప్పలేనంది. ఎదురుచూడొద్దని చెప్పమంది."

ఏడాదిన్నర. అంటే అన్నిసార్లు నేను ఫోనులో జోకులేస్తుంటే ఆ నవ్వు పక్కన ఇంకొకడు కూర్చున్నాడన్నమాట. నేను చేసిన చమత్కారాలన్నీ గుర్తొచ్చాయి. ఒక్కదానికీ నవ్వు రాలేదు.

"నన్ను తిట్టు బాబూ," అంది అత్త. "కన్నదాన్ని గదా. ఎవర్నో ఒకర్ని తిడితే కాస్త తేలికపడతావు."

"నిన్నెందుకత్తా? ఆయన్ని అడుగుతా," అని పైకి చూపించాను. "రోజూ మోకరించాను గదా. పని పోయినా ఆయన్ని వదల్లేదు. ఇదేనా ఇచ్చేది? ఆదివారం వెళ్ళి మామత్‌కి చెప్పేస్తా. నాకింక సంఘమూ వద్దు, ఆ కెనెష్ గాడి పక్కన పాటలూ వద్దు. ఆఖరుసారి వెళ్ళి దండం పెట్టి వచ్చేస్తా."

ఆదివారం మేకు నుంచి సంచి తీస్తుంటే అత్త అడ్డొచ్చింది.

"ఎక్కడికి పట్టుకెళ్తున్నావు?"

"మామత్ ఆవుకి పెడతా. పారేస్తే పాపం, తింటే దోషం. ఆవుకైతే రెండూ అంటవు."

"నా కూతురి రొట్టె ఆవుకా?"

"నీ కూతురికి అక్కర్లేదట గదా అత్తా."

ఆమె తలగుడ్డ బిగించుకుని నా వెనకే నడిచింది.

మామత్ ఒకప్పుడు ట్రాక్టరు డ్రైవరు. వాళ్ళింట్లో ఆరాధనకి పదకొండుమందిమి చేరతాం. సంచి గుమ్మం దగ్గర పెట్టి లోపల కూర్చున్నాను. ఆరాధన కాగానే చెప్పేసి, ఆవు దగ్గరికి వెళ్ళి, అట్నుంచి అటే పోవాలని నా ఆలోచన. కెనెష్ ఆలస్యంగా వచ్చాడు. గుండ్రంగా కూర్చున్న మా వరసలో ఖాళీ నా పక్కనే ఉంది. వచ్చి కూర్చుని, నా మోకాలికి తన మోకాలు తగలకుండా ముడుచుకున్నాడు.

ప్రభువు బల్ల ఆరోజు, యేసు పేరున అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. నేల మీద గుడ్డ పరిచి, ద్రాక్షరసం గిన్నె పెట్టి, మీద నాప్కిన్ కప్పిన రొట్టెని మామత్ తల్లి తెచ్చి పెట్టింది. ఆ అవ్వకి చూపు సరిగా ఆనదు. మామత్ ప్రార్థన చేసి నాప్కిన్ తీశాడు.

మూడేళ్ళ రొట్టె. రాయిలా ఎండి, అంచున నెలవంకంత కొరుకుడు.

 అది ఏమిటో అక్కడ తెలియనివాళ్ళు లేరు. ప్రయాణికుడి రొట్టె మీద చెయ్యి వేయడమంటే వాడు ఇక రాడని చెప్పడమే.

"అమ్మా, ఇదెక్కడిది?" అన్నాడు మామత్ మెల్లగా.

"గుమ్మం దగ్గర సంచిలో ఉంది గదరా. ఎవరో బల్లకి తెచ్చారనుకున్నా."

"నాది," అన్నాను. "ఆవుకని తెచ్చాను. ఆమె రాదు. ఇంకొకడి దగ్గర ఉందట." గొంతు వణక్కుండా చెప్పగలిగాను. గొంతు పనిలో నాకు అనుభవం ఉంది.

మామత్ రొట్టెని కింద పెట్టలేదు. 

"నేను చదువుకున్నవాణ్ణి కాదు," అన్నాడు. "కానీ ఒకటి తోస్తోంది. సొంత శిష్యుడే యేసయ్యని శత్రువులకి పట్టించిన రాత్రే ఆయన రొట్టె పట్టుకున్నాడు. ఆ రసం గిన్నె చూపించి, మళ్ళీ దీన్ని మీతో తాగేది నా తండ్రి రాజ్యంలోనే అన్నాడు. అంటే ఏంటి? ఆయన కూడా తన వంతు మిగిల్చి ప్రయాణమైనవాడే. మూడేళ్ళు కాదు, ఇన్ని తరాల నుంచి మనం ఆ రొట్టె కాచుకుని కూర్చుంటున్నాం. వస్తానన్నవాళ్ళందరూ రారు తమ్ముడూ. ఆయన వస్తాడు. దీన్ని ఆవుకి పెట్టకు. ఇష్టమైతే మా అందరికీ పెట్టు. లేదంటే తీసుకెళ్ళు, లోపల వేరే రొట్టె ఉంది."

నేను అత్త వైపు చూశాను.  తనకి పెట్టమన్నట్టు అత్తే చెయ్యి చాపింది. రొట్టె విరగలేదు. మామత్ కత్తి పిడితో కొట్టి పగలగొట్టాడు. కొరుకుడు ఉన్న ముక్కని అత్త ఏరుకుంది.

"దాని ఎంగిలి నాకు కొత్తా? పాలు పట్టినదాన్ని," అని రసంలో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకోలేదు. ఒక ముక్క అద్ది నాకు అందించింది. "తిను నాయనా. ఆయన మనల్ని వదల్లేదు. దాన్ని కూడా వదలడు."

తిన్నాను. పొగ వాసన, నల్లజీలకర్ర, పుల్లటి రసం. బురుల్ వెళ్ళాక ఇంటి నిండా ఎంత ఖాళీ ఉందో అంతా ఆ ముక్కలో ఉంది. మింగాను. వింత ఏమిటంటే, అది దిగిపోయాక లోపల కోపం ఉన్నచోట కోపం ఉంది గాని, దాని పక్కన ఎవరో కూర్చున్నట్టుంది. నన్ను ఓదార్చడానికి ఏమీ అనకుండా, తనకీ ఇది తెలుసన్నట్టు. యేసయ్య బల్ల దగ్గరా పట్టించేవాడు ఒకడున్నాడు గదా. తనని ముంచేవాడెవడో తెలిసే, వాడికి ముక్క ముంచి ఇచ్చాడు.

మా దగ్గర ఎడమవాడికి అందించాలి. ఎడమన కెనెష్.

ముక్క అద్ది పట్టుకున్నాను. వాడు తీసుకోలేదు.

"ఎర్మెక్, పైవాళ్ళెవరూ అడగలేదురా," అన్నాడు, నాకొక్కడికే వినపడేటట్టు. "నేనే చెప్పాను. మనిషి అక్కర్లేదు, గొంతుంటే చాలని. నన్ను మెచ్చుకుంటారని."

రసం నా వేళ్ళ మీంచి గుడ్డ మీద కారుతోంది. లేచి వెళ్ళిపోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. చెప్పులు పది అడుగుల దూరంలో ఉన్నాయి. అందరూ చూస్తున్నారు. వాడు నా మొహంలోకి చూడలేక ముక్కనే చూస్తున్నాడు.

"నిన్ను క్షమించానని అనట్లేదు," అన్నాను. "ఇంకా చాలా దూరం ఉంది దానికి. ముందు ఇది తీసుకో."

రెండు చేతులూ చాపి తీసుకున్నాడు. అది నమలడానికి చాలాసేపు పట్టింది. నేను లేవలేదు.