డేర్ అనాలా, డాస్ అనాలా

జర్మన్ పదనిర్మాణం పరీక్ష నేను రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే చెక్ దేశంలోని ఒలొమొట్స్ యూనివర్సిటీలో మా విభాగం జాబితా నుంచి పేరు కొట్టేస్తారు. రెండేళ్ల చదువు మట్టిలో కలిసినట్టే.

రెండుసార్లూ నన్ను ముంచింది ఒకే తోక: షెన్. జర్మన్‌వాళ్లు దేన్నైనా చిన్నది చేసి ముద్దుగా చెప్పాలంటే మాట చివర ఇది తగిలిస్తారు. తగిలించగానే ఆ మాట ఆడదైనా మగదైనా నపుంసకలింగమైపోతుంది. మాట ముందు మగవాటికి పెట్టే డేర్, ఆడవాటికి పెట్టే డీ ఎగిరిపోయి, నపుంసకానికి పెట్టే డాస్ వచ్చి కూర్చుంటుంది. మా చెక్ భాషలో ఇలాంటి అన్యాయం లేదు. పిల్లి అనే మాట స్త్రీలింగం, బుజ్జి పిల్లి కూడా స్త్రీలింగమే. కుక్క పుంలింగం, బుజ్జి కుక్కా పుంలింగమే. ఆ లెక్కన మొదటిసారి జర్మన్ బుజ్జి పిల్లికి డీ పెట్టాను, రెండోసారి బుజ్జి కుక్కకి డేర్ పెట్టాను. చెక్ పిల్లని కాబట్టి చేసిన తప్పులే తప్ప బుర్ర లేక కాదు. కానీ ఆ మాట ఎవరు వింటారు?

పరీక్ష పెట్టేది మా అధ్యాపకుడు డోసెంట్ కొహౌట్ గారు. మా భాషలో కొహౌట్ అంటే కోడిపుంజు. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. హాస్టల్లో నా గదిలోనే ఉండే ఒటీలియె ఆ రోజు పరీక్ష గది బయటే నన్ను పట్టుకుంది.

"చూడవే బొహ్దానా, లోపల గుర్రం గురించి చెప్పుకో, ఏనుగు గురించి చెప్పుకో. కోడి మాట మాత్రం ఎత్తకు. పోయినేడు ఎవడో ఎత్తాడు."

"ఎత్తితే?"

"ఇప్పుడు ట్రామ్ నడుపుతున్నాడు."

"పోవే, అబద్ధాలు!"

"నీ మీదొట్టు. మొన్న నేనెక్కాను కూడా."

మూడోసారి కనక లోపల ఇద్దరు కూర్చున్నారు: కొహౌట్ గారు, పక్కన డాక్టర్ స్తెయ్‌స్కలోవా గారు. బల్ల మీద చీటీలు పరిచి ఉన్నాయి. ఒకటి తీశాను. 'చిన్నతనాన్ని తెలిపే ప్రత్యయాలు, జర్మన్‌కూ చెక్‌కూ పోలిక.' నా గుండె జారి బూట్లలో పడింది.

"ముందు చెక్. పుంలింగంలో ఒక మాట చెప్పు," అన్నారు కొహౌట్ గారు. "పిల్లీ కుక్కా వద్దు. వాటిని ఇప్పటికే చంపేశావు."

ఏ మాట అనకూడదనుకుంటామో అదే నోట్లోంచి ఊడిపడుతుంది.

"కొహౌట్," అన్నాను. నాలిక కరుచుకునేలోపే మిగతావీ వచ్చేశాయి. "కొహౌటెక్. కొహౌటీచెక్."

పుంజు, బుజ్జి పుంజు, బుజ్జి బుజ్జి పుంజు. స్తెయ్‌స్కలోవా గారికి దగ్గొచ్చింది. కొహౌట్ గారి మొహంలో మాత్రం ఏమీ కదల్లేదు.

"జర్మన్‌లో?"

"హాన్."

"ముందు ఏం పెడతావు?"

"డేర్. డేర్ హాన్. పుంలింగమేనండీ, నూటికి నూరుపాళ్లు."

"చిన్నది చెయ్యి."

"హేన్‌షెన్."

"ముందు ఏం పెడతావు?"

డాస్ అంటే ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిని ఆయన మొహమ్మీదే నపుంసకం చేసినట్టు. పైగా హేన్‌షెన్ అంటే జర్మన్ హోటళ్లలో బంగాళదుంపలతో కలిపి పళ్లెంలో పెట్టే కాల్చిన కోడి. డేర్ అంటే ఆయనకు మర్యాద, నాకు ట్రామ్. ఆయన కలం తీశారు. నాకు భయమేసింది, ఆ వెనకే ఒళ్లు మండింది. రెండేళ్లు చదివింది మర్యాదలు నేర్చుకోవడానికా?

"డాస్," అన్నాను.

"ఎందుకు?"

"షెన్ తగిలాక ఎంత మగాడైనా నపుంసకమేనండీ. మన చెక్‌లో మాత్రం ఎంత ముద్దు చేసినా, ఎంత చిన్నబుచ్చినా మగాడు మగాడే."

"సర్వనామంతో వాక్యం చెప్పు."

"హేన్‌షెన్ అలిసిపోయింది. అది ఇంటికి వెళ్లాలి," అన్నాను జర్మన్‌లో.

స్తెయ్‌స్కలోవా గారు తల బల్లకి ఆనించేశారు. ఆవిడ భుజాలు ఊగుతున్నాయి. కొహౌట్ గారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"ఇంటికెళ్లినా ఇదే గోలమ్మా," అన్నారు చివరికి. "మా ఆవిడది జర్మనీలోని పాస్సావ్. పెళ్లయిన రోజు నుంచీ నన్ను హేన్‌షెన్ అనే పిలుస్తుంది. వాళ్లమ్మతో ఫోనులో నా గురించి చెబుతూ, 'అది ఇంకా తినలేదు, అది మళ్లీ గొడుగు పారేసుకుంది' అంటుంది. తప్పు పడదామంటే, వ్యాకరణం ప్రకారం తప్పు లేదాయె."

'సి' వేశారు. నా పేరు జాబితాలోనే ఉంటుంది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చి, థాంక్స్ కూడా సరిగ్గా చెప్పలేకపోయాను.

తలుపు దాకా వచ్చేసరికి వెనక ఆయన ఫోను మోగింది. క్లాసులో ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో ఆయన జర్మన్‌లో మాట్లాడుతున్నారు.

"ఆఁ, అయిపోయింది. ఇదిగో, హేన్‌షెన్ బయల్దేరుతోంది. దానికి బాగా ఆకలిగా ఉంది."