చెవికి బిళ్ల గుచ్చిన బుల్లి

ఢిల్లీ సర్కారువాళ్లు టీవీలో చెప్పింది గురవమ్మ చెవులారా వింది. స్వైన్ ఫ్లూ మనిషి నుంచి మనిషికి అంటుకుంటుందట, పందుల్ని పెంచుకుంటే రాదట. హమ్మయ్య అనుకుని బుల్లికి కుడితి పోసింది. బుల్లి ఆమె పంది, ఇప్పుడు నిండుచూలు. పుట్టగానే తల్లి చచ్చిపోతే, గురవమ్మ మొగుడు సోములు పాలసీసా పట్టి బతికించాడు దాన్ని.

మర్నాడు, కలకత్తాలో రైలు పట్టాల పక్కనున్న వాళ్ల తెలుగు బస్తీకి రాష్ట్రం తరఫున పశువుల డాక్టరు వచ్చాడు. రక్తం తీసుకుని, బుల్లి చెవికి పచ్చబిళ్ల గుచ్చాడు.

"రిపోర్టు వచ్చేదాకా దీన్ని ఇక్కణ్ణించి కదపకూడదు దీదీ. కదిపావో, కేసే!" అన్నాడు బెంగాలీలో.

సాయంత్రానికల్లా కార్పొరేషన్ వార్డు ఆఫీసు మైకు రిక్షా తిరిగింది. బస్తీలో పంది అన్నది ఉండకూడదట, పొద్దున్నే లారీ వచ్చి పట్టుకుపోయి, చంపి పూడ్చేస్తుందట. ఎవడి మాట వినాలి, ఎవడి మాట పెడచెవిన పెట్టాలి? గురవమ్మ వార్డు ఆఫీసుకి పరుగెత్తి, బిళ్ల సంగతి చెప్పింది. గుమాస్తా బాబు తల కూడా ఎత్తలేదు.

"అది రాష్ట్రం బిళ్ల. మాకు సంబంధం లేదు."

"మరి ఢిల్లీవోలు?"

"ఢిల్లీవాళ్లొచ్చి మా వార్డు ఊడుస్తారా?"

తెల్లారి లారీ వచ్చింది. అందులోంచి తాడు పుచ్చుకుని దిగినవాడు సోములే! వార్డులో సఫాయి ఉద్యోగం అతనిది, పందులు పట్టే డ్యూటీ అతని నెత్తినే పడింది.

"సిగ్గు నేదేటి మావా? సూలుదాన్ని అట్టుకుపోతావా?"

"నానేటి సేసేదే! కాదంటే ఉజ్జోగం పీకేత్తారట."

పక్కింటి పందిని ఎక్కించడానికి నలుగురు కిందామీదా పడ్డారు. బుల్లికి తాడే అక్కర్లేకపోయింది. సోములు "దా బుల్లీ, దా" అన్నాడు. అది పొట్ట ఊపుకుంటూ అతని వెనకే నడిచి, బల్ల మీదుగా లారీ ఎక్కేసింది. గురవమ్మకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

మూడోనాడు డాక్టరు మళ్లీ వచ్చాడు.

"రిపోర్టు వచ్చింది దీదీ, జబ్బేమీ లేదు. పందేదీ?"

"అట్టుకుపోనారు."

"ఎవరు? కదపొద్దని చెప్పానా లేదా? గవర్నమెంటంటే ఆటగా ఉందా మీకు?"

సోములు అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, ఖాకీ చొక్కాతోనే గుమ్మంలో కూర్చున్నాడు. బుల్లి పోయినప్పట్నించీ పెళ్లాం అన్నం పెడుతోందే గానీ, అతనితో ఒక్క ముక్క మాట్లాడలేదు. గురవమ్మ అతని వైపు వేలు చూపించింది.

"నన్నడగతారేటి డాక్టర్‌బాబూ? అదిగో, గవర్నమెంటు అక్కడ కూకుంది. దాన్నే అడగండి."